పాత తుపాకికి కొత్త తూటా

తుపాకిలో పట్టిన తూటా అల్లా ఆ తుపాకికి తగినదే అని సామాన్యంగా అనుకుంటారు. అది అపాయకరమైన భ్రమ. తూటా మారినప్పుడు తుపాకిలో ఏమేమి మారవలసి ఉంటుందో మార్టినీ-హెన్రీ అనే రైఫిలు చరిత్ర ఆధారంగా వివరింపదలచాము.

1871లో బ్రిటిషు సైన్యం స్వీకరించిన ఈ రైఫిలు లివరుతో పనిచేస్తుంది. ట్రిగ్గరు వెనుక ఉన్న లివరును క్రిందికి లాగితే, గొట్టం వెనుక ద్వారాన్ని మూసి ఉంచే ఉక్కుదిమ్మ ముందుభాగం క్రిందికి వాలుతుంది. కాలిన తూటా గుల్ల వెలుపలికి వస్తుంది. కొత్త తూటా పెట్టి లివరును పైకెత్తగానే దిమ్మ తిరిగి ద్వారాన్ని బంధిస్తుంది. ఒక పర్యాయానికి ఒక్క తూటాయే. ఈ యంత్రరచన స్విట్జర్లండులో పనిచేసిన ఫ్రెడరిక్ ఫాన్ మార్టినీది. గొట్టంలోపలి మెలిగాళ్ళు ఎడింబరో నగరపు తుపాకి నిర్మాత అలెగ్జాండర్ హెన్రీవి.

దాని తూటా మిక్కిలి బరువైనది. .45 అంగుళం వ్యాసంగల గుండు 480 గ్రెయిన్లు, అనగా సుమారు 31 గ్రాములు తూగుతుంది. దాని వెనుక 85 గ్రెయిన్ల నల్లమందు. పేలగానే పొగ కమ్మేది, భుజం అదిరేది. గుల్లను మొదట పలుచని ఇత్తడి రేకుతో చుట్టి చేసేవారు. 1885 జనవరిలో సూడానులో జరిగిన అబూక్లియా యుద్ధంలో ఈ గుల్లలు గొట్టంలో ఇరుక్కుపోయి, సైనికులు శత్రువుల ఎదుట నిస్సహాయులయ్యారు.

అప్పటికే చిన్న తూటా కోసం ప్రయత్నాలు సాగుతున్నాయి. .402 అంగుళం తూటాకు తగిన ఎన్‌ఫీల్డు-మార్టినీ రైఫిలును 1886లో ఆమోదించి వేలకొలది తయారుచేశారు. అంతలోనే .303 అంగుళం తూటా సిద్ధమైంది. మూడు పరిమాణాల తూటాలు ఒకే సైన్యంలో ఉంటే, యుద్ధభూమిలో ఒక దళానికి చేరవలసిన పెట్టె మరొక దళానికి చేరుతుంది. చేతిలో తుపాకి ఉండికూడా ప్రయోజనం ఉండదు. అందుచేత ఆ కొత్త రైఫిళ్ళను తిరిగి .45కే మార్చివేశారు.

1888లో లీ-మెట్‌ఫర్డు రైఫిలుతోపాటు .303 తూటా సైన్యంలో ప్రవేశించింది. గుండు బరువు 215 గ్రెయిన్లు మాత్రమే, వేగం ఎక్కువ. ఈ తూటాకు పాత మార్టినీలను మలచగా మార్టినీ-మెట్‌ఫర్డు రైఫిళ్ళు వచ్చాయి. ఇందుకు నాలుగు మార్పులు కావలసివచ్చాయి. గొట్టాన్ని పూర్తిగా మార్చాలి. సన్నని గుల్ల అంచును పట్టి వెలుపలికి లాగడానికి తగిన పట్టు అమర్చాలి. దిమ్మలోని సూదినీ, దాని రంధ్రాన్నీ చిన్నవి చేయాలి. లేనిచో, అధికమైన ఒత్తిడికి తూటా అడుగున ఉన్న మందుబిళ్ళ చిట్లి వాయువు వెనుకకు చిమ్మవచ్చు. గుండు మార్గం మారుతుంది గనుక గురిపలకలనుకూడా మార్చాలి. మార్టినీ శరీరం దృఢమైనది. పాత తూటావలెనే కొత్త తూటాకును అంచు ఉన్నది. కనుకనే ఈ మార్పు సాధ్యమయింది.

అంతటితో సమస్య తీరలేదు. 1891లో నల్లమందుకు బదులు కార్డైటు వచ్చింది. నైట్రోగ్లిసరిన్, గన్‌కాటన్, వాజలీన్ కలిపి చేసిన ఈ మందు పొగ తక్కువది, మంట తీవ్రమైనది. ఆ వేడికి మెట్‌ఫర్డు రచనలోని లోతులేని గాళ్ళు త్వరగా అరిగిపోయాయి. దానితో 1895 నుండి లోతైన అయిదు గాళ్ళు గల ఎన్‌ఫీల్డు గొట్టాలు బిగించి, మార్టినీ-ఎన్‌ఫీల్డు అని పేరుపెట్టారు. తూటా ఒకటే అయినా, లోపలి మందు మారితే గొట్టమూ మారవలసివచ్చింది!

ఈ కథలో మన దేశానికీ పాత్ర ఉన్నది. 1857 తిరుగుబాటు తరువాత పాలకులు భారతీయ సిపాయిలకు ఒక తరం వెనుకటి ఆయుధాలనే ఇస్తూవచ్చారు. 1897లో వాయవ్య సరిహద్దున తీరా దండయాత్రలో బ్రిటిషు సైనికుల చేతిలో లీ-మెట్‌ఫర్డు ఉండగా, వారి ప్రక్కనే పోరాడిన మన సిపాయిల చేతిలో మార్టినీ-హెన్రీ ఉన్నది. ఒకే యుద్ధంలో ఒకే పక్షాన రెండు తూటాలు! తూటా భేదం వెనుక అవిశ్వాసం దాగి ఉన్నది.

స్వతంత్ర భారతం వేరొక మార్గం అవలంబించింది. 1962 యుద్ధానంతరం ఇషాపూర్ కర్మాగారం పాత .303 రైఫిలు నమూనాలోనే 7.62 మిల్లీమీటర్ల తూటాకు రైఫిళ్ళు తయారుచేసింది. అయితే పాత తుపాకుల గొట్టాలు మార్చి ఊరుకోలేదు. కొత్త తూటా ఒత్తిడిని తట్టుకొనే మేలురకపు ఉక్కుతో కొత్తగా నిర్మించారు.

పూర్వులనాటి తుపాకి ఇంట ఉన్నవారు ఈ సంగతులు గమనించాలి. తూటా లోపల పట్టినంతమాత్రాన ఆ తుపాకి దానికి తగినదని అర్థం కాదు. 1959 ఆయుధాల చట్టం ప్రకారం తుపాకిని మార్చడానికిగాని, మరమ్మతు చేయడానికిగాని వృత్తిదారుకు ప్రత్యేకమైన లైసెన్సు ఉండాలి. ఊరి కమ్మరి ఎంతటి పనివాడైనా ఆ పని అతనికి అప్పగించరాదు. పేలినపుడు మొదట గాయపడేది ట్రిగ్గరు నొక్కిన చేయీ, గురిచూసిన కన్నూ.