పంది కోసం పెట్టిన తీగ పక్కవాణ్ణి బలిగొనరాదు
అడవి అంచున పంట కాపాడుకోవడం గంగారం రైతులకు రాత్రి పని

గంగారం: పొద్దుగూకితే చాలు, అడవి అంచున మక్కచేలున్న రైతుకు రెండో పని మొదలవుతుంది. బువ్వ తిని, గొంగడి భుజాన వేసుకుని, చేతిలో కర్ర, బ్యాటరీ లైటుతో చేను దారి పడతాడు. తెల్లవార్లూ మంచె మీద కూర్చుని డప్పు కొట్టాలి, కేకలు వేయాలి. రెండు గడియలు కునుకు పట్టిందా, నాలుగు నెలల కష్టం అడవిపందుల పాలవుతుంది.

2016లో కొత్తగూడ నుంచి విడిపోయి ఏర్పడిన గంగారం మండలం మహబూబాబాద్ జిల్లాలో అడవి దట్టంగా ఉన్న ప్రాంతం. ఒకపక్క పాకాల అడవులు, మరోపక్క ఏటూరునాగారం అడవులు. పగిడిద్దరాజు కొలువైన పూనుగొండ్ల ఈ మండలంలోనిదే. ఇక్కడి వారిలో కోయలే ఎక్కువ. చేలన్నీ ఒకచోట ఉండవు. అడవి మధ్యలో ఒక చెలక, ఒర్రె దాటితే ఇంకో మడి. నాలుగు దిక్కులా అడవే కాబట్టి ఏ వైపు నుంచి పందులు వస్తాయో చెప్పలేం.

పందికి చూపు తక్కువ, వాసన ఎక్కువ. మక్క కంకి పాలు పోసుకునే వేళకు ఆ వాసన పట్టి మందలు మందలుగా దిగుతాయి. తినేది కొంతే. పెరికి, తొక్కి, పడగొట్టేది అంతకు ఎన్నో రెట్లు. వేరుశనగ చేనైతే మూతితో దున్నినట్లు తవ్విపోస్తాయి. వరిలో పొర్లి పైరును నేలమట్టం చేస్తాయి. ఒక్క ఈతకు నాలుగు నుంచి ఆరు పిల్లలు పెట్టే జంతువు కనుక మంద త్వరగా పెరుగుతుంది.

పెద్దల కాలం నుంచి వస్తున్న ఉపాయాలు ఇప్పటికీ ఉన్నాయి. చేను చుట్టూ తుమ్మకంప నాటుతారు. పాత చీరలు కడతారు. ఖాళీ డబ్బాలు వేలాడదీస్తారు. కొందరు మైకులో మనిషి అరుపులు రికార్డు చేసి వదులుతున్నారు. అయితే రోజూ అదే చప్పుడు వింటే పంది దానికి అలవాటు పడుతుంది. పైగా ఒక చేను నుంచి తరిమితే పక్క చేనులో పడుతుంది.

ఇక్కడే కొందరు ప్రమాదకరమైన దారి పట్టారు. మోటారు స్టార్టరు నుంచో, స్తంభం మీది తీగకు కొక్కెం వేసో కరెంటు తీసుకుని, చేను చుట్టూ ఇనుప తీగ లాగుతున్నారు. అది 230 వోల్టుల కరెంటు. తగిలిన జంతువును వదలదు, మనిషినీ వదలదు. వానకు తడిసిన నేల మీద చెప్పులు లేని కాలు పడితే ప్రాణం నిలవడం కష్టం. 2018 జనవరి 1 నుంచి వ్యవసాయానికి 24 గంటల కరెంటు ఇచ్చారు. అది రైతుకు మేలే. కానీ దొంగతీగ కూడా రాత్రంతా ప్రాణంతోనే ఉంటుందని మరువరాదు.

ఆ తీగకు పడేది పంది ఒక్కటే కాదు. తెల్లవారుజామున నీళ్లు పెట్టబోయిన పక్క రైతు, మేతకు పోయిన ఎడ్లు, కట్టెలకు పోయిన ఆడవాళ్లు, చివరకు తీగ పెట్టిన సంగతి మరిచిన రైతే బలైపోయిన సంఘటనలు తెలంగాణ పల్లెల్లో జరుగుతూనే ఉన్నాయి. 2024 ఫిబ్రవరిలో జయశంకర్ భూపాలపల్లి జిల్లా కాటారం మండలం నస్తూర్‌పల్లి అడవిలో గాలింపునకు వెళ్లిన గ్రేహౌండ్స్ కానిస్టేబుల్ ఒకరు ఇలాంటి తీగ తగిలి చనిపోయారు.

చట్టం కూడా ఊరుకోదు. కరెంటు దొంగిలిస్తే 2003 విద్యుత్ చట్టం కింద కేసు. జంతువు చస్తే 1972 వన్యప్రాణి సంరక్షణ చట్టం కింద జైలు, జరిమానా. మనిషి చస్తే నరహత్య కేసు. పంట దక్కినా రైతు కోర్టుల చుట్టూ తిరగాల్సిందే.

సోలార్ కంచె దీనికి పూర్తిగా వేరు. అందులో కరెంటు ఎడతెగకుండా పారదు. బ్యాటరీకి తగిలించిన యంత్రం సెకనుకు ఒకసారి లెక్కన, రెప్పపాటు కంటే తక్కువ సేపు దెబ్బ కొట్టి ఆపుతుంది. జంతువు బెదిరి వెనుదిరుగుతుంది కానీ చావదు. తీగకు గడ్డి ఆనితే దెబ్బ బలం తగ్గుతుంది కాబట్టి ఎప్పటికప్పుడు గడ్డి కోయాలి. యంత్రం లేకుండా తీగను నేరుగా లైనుకు కలిపితే అది సోలార్ కంచె కాదు, చావు కంచె.

ఖర్చు తక్కువ ఉపాయాలను రాజేంద్రనగర్ వ్యవసాయ విశ్వవిద్యాలయం శాస్త్రవేత్తలు చెబుతున్నారు. మక్కచేను చుట్టూ ఆముదం మొక్కలను దగ్గర దగ్గరగా వరుసలుగా వేయాలి. ఆముదం పందికి గిట్టదు, దాని ఘాటు మక్క వాసనను కప్పేస్తుంది. వేరుశనగ చుట్టూ కుసుమ వేస్తే దాని ముళ్లు అడ్డుపడతాయి. ఆముదం గింజ, కుసుమ గింజ అమ్ముకుంటే నాలుగు పైసలు వస్తాయి కూడా. మంగలి దుకాణంలో పారేసే వెంట్రుకలు గెట్ల వెంట చల్లినా పనిచేస్తుంది. నేల వాసన చూస్తూ నడిచే పంది ముక్కులోకి వెంట్రుకలు పోయి చికాకు పడుతుంది. ఇదివరకు ఫోరేట్ గుళికలు మూటకట్టి వేలాడదీసేవారు. అది కడు విషం. 2020 డిసెంబరు 31 నుంచి దేశంలో దాన్ని నిషేధించారు. ఇంట్లో పాత డబ్బా మిగిలి ఉన్నా దాని జోలికి పోరాదు.

ఏ ఉపాయమూ ఒక్కటే చాలదు, ఏ రైతూ ఒక్కడే చాలడు. పక్కపక్క చేలవారు వంతులు వేసుకుని కాపలా కాస్తే మనిషికి వారంలో రెండు రాత్రులైనా నిద్ర దక్కుతుంది. ఒకే కంచెలోకి నాలుగు చేలు వస్తే తీగ ఖర్చూ తగ్గుతుంది. పంట పాడైతే తెల్లారగానే ఫోటో తీయించి, అటవీ శాఖకూ వ్యవసాయ శాఖకూ దరఖాస్తు ఇవ్వాలి. ఆలస్యమైతే ఆనవాళ్లు చెరిగిపోతాయి.

అధికారులు చేయవలసిందీ ఉంది. దరఖాస్తు ఇచ్చిన రైతును ఆఫీసుల చుట్టూ తిప్పకుండా చేను దగ్గరికే వచ్చి నష్టం రాసుకోవాలి. సోలార్ కంచెలకు సాయం అందించాలి. విద్యుత్ సిబ్బంది పంట కంకి వేసే రోజుల్లో లైన్ల వెంట తిరిగి కొక్కేలు తీయించాలి. చేతికొచ్చిన పంట ఇంటికి చేరాలి, చేనుకు పోయిన మనిషీ ఇంటికి చేరాలి. ఒకదాని కోసం రెండోదాన్ని పోగొట్టుకోరాదు.