పచ్చిక మేసిన పోనీకి కాళ్ళెందుకు పట్టేస్తాయి?

గుర్రం గుడ్డిదైనా దాణాకు తక్కువ లేదని మనకో సామెత ఉంది. గుర్రాన్ని మేపడమంటే ఇల్లు గుల్ల చేసుకోవడమేనన్నది మనవాళ్ళ అనుభవం. బ్రిటన్‌లో పోనీలను పెంచేవారి బాధ దీనికి సరిగ్గా వ్యతిరేకం. తమ పోనీ ఎక్కడ కడుపునిండా పచ్చగడ్డి తినేస్తుందోనని వాళ్ళ భయం!

ఏప్రిల్, మే నెలల్లో అక్కడ చలి తగ్గి ఎండ కాస్తుంది. మైదానాల్లో లేత పచ్చిక మొలుస్తుంది. షెట్లాండ్, వెల్ష్ వంటి జాతుల పొట్టి గుర్రాలు (వీటినే పోనీలంటారు) తల ఎత్తకుండా మేస్తాయి. ఒకరోజు పొద్దున్నే వెళ్ళి చూస్తే పోనీ ఉన్నచోటు నుంచి కదలదు. ముందుకాళ్ళు చాచి, బరువంతా వెనక కాళ్ళ మీద వేసి నిలబడి ఉంటుంది. గిట్ట తాకితే వేడిగా ఉంటుంది. గిట్టకు కాస్త పైన నాడి బలంగా కొట్టుకుంటుంది. పక్కకు తిప్పితే నిప్పుల మీద నడిచినట్లు అడుగులు వేస్తుంది. ఈ జబ్బు పేరు లామినైటిస్. అమెరికాలో 1973లో మూడు ప్రతిష్ఠాత్మక పందేలూ గెలిచిన సెక్రటేరియట్ అనే గుర్రానికి ఇదే జబ్బు వచ్చింది. ఎంతకీ నయం కాకపోవడంతో 1989లో దానికి కారుణ్య మరణం ప్రసాదించవలసి వచ్చింది.

గోరే ఆధారం

గుర్రం ఒక్కో కాలికి ఒక్కో వేలి మీద నడుస్తుంది. అది మన మధ్యవేలికి సమానం. ఆ వేలి గోరే గిట్ట. మన గోరులాగే అదీ కెరాటిన్‌తో తయారవుతుంది. ఆ డొల్ల లోపల వేలి చివరి ఎముక ఉంటుంది. చిత్రమేమిటంటే, జంతువు బరువు మోసే ఈ ఎముక అరికాలి మీద ఆని ఉండదు, గిట్ట గోడకు లోపలివైపు వేలాడదీసినట్లుంటుంది!

ఎలాగో తెలుసుకోవాలంటే రెండు నోటుపుస్తకాలు తీసుకోండి. ఒకదాని కాగితాల మధ్య రెండోదాని కాగితాలు ఒక్కొక్కటిగా దూర్చి, అట్టలు పట్టుకుని లాగండి. ఎంత లాగినా ఊడిరావు. గిట్టలోని ఏర్పాటూ ఇలాంటిదే. గోడ లోపలివైపు 550 నుంచి 600 దాకా పలుచని మడతలుంటాయి. ఎముకను కప్పిన సజీవ కణజాలానికీ అలాంటి మడతలే ఉండి, వాటి సందుల్లో ఇమిడిపోతాయి. ఒక్కో మడతకు మళ్ళీ వందకు పైగా చిరుమడతలు. ఈ పొరలే లామినాలు.

జబ్బులో ఈ పట్టు సడలుతుంది. పైనుంచి శరీరం బరువు నొక్కుతుంది, వెనక నుంచి స్నాయుబంధనం లాగుతుంది. దాంతో ఎముక గోడను వదిలి, కొన కిందికి తిరుగుతుంది. మరీ ముదిరితే అరికాలిని చీల్చుకుని బయటపడుతుంది.

దోషి ఎవరు?

బార్లీ ఎక్కువ తిన్న గుర్రాలకు వచ్చే జబ్బు గురించి ప్రాచీన గ్రీకులే రాశారు. తిండికీ గిట్టకూ లంకె ఏమిటన్నదే చిక్కుప్రశ్న. చాలాకాలం చెప్పిన జవాబు ఇది: చిన్నపేగులో జీర్ణం కాకుండా మిగిలిన పిండిపదార్థం పెద్దపేగులోకి పోతుంది. అక్కడి సూక్ష్మజీవులు దాన్ని పులియబెట్టగా లాక్టిక్ ఆమ్లం పుడుతుంది. పేగు గోడ దెబ్బతిని, విషపదార్థాలు రక్తంలో కలుస్తాయి. చలిదేశాల గడ్డిలో ఫ్రక్టాన్లనే చక్కెర గొలుసులుంటాయి. వాటిని విడగొట్టే ఎంజైము గుర్రానికి లేదు కనుక అవీ ఇలాగే పులుస్తాయి.

ధాన్యపు కొట్లో దూరి ఒక్కసారిగా మెక్కేసిన గుర్రం విషయంలో ఈ వివరణ ఇప్పటికీ సరైనదే. కానీ తీరిగ్గా మేసే పోనీకి ఎందుకొస్తుంది? అదే పచ్చిక మేసిన పక్క గుర్రానికి ఎందుకు రాదు?

2007లో ఆస్ట్రేలియాలోని క్వీన్స్‌లాండ్ విశ్వవిద్యాలయ పరిశోధకులు ఆరోగ్యంగా ఉన్న పోనీలకు ఇన్సులిన్‌ను ఎడతెరిపి లేకుండా ఎక్కించారు. రక్తంలో చక్కెర పడిపోకుండా గ్లూకోజు కూడా ఇచ్చారు. 72 గంటలు తిరక్కుండానే వాటన్నిటికీ నాలుగు కాళ్ళలోనూ లామినైటిస్ వచ్చింది. పేగుల్లో ఎలాంటి గడబిడా లేదు! ఇన్సులిన్ ఎక్కువైతే లామినాల కణాలు సాగిపోయి పట్టు కోల్పోతాయి. పచ్చిక వల్ల వచ్చే కేసుల్లో అధికభాగం ఈ కోవలోనివేనని ఇప్పుడు భావిస్తున్నారు. 'ఐటిస్' అంటే వాపు కదా అని నేను ఒకప్పుడు దీన్ని 'గిట్టవాపు' అని అనువదించాను. ఆ మాట ఇప్పుడు తప్పుదారి పట్టిస్తుంది.

పోనీల పూర్వీకులు రాతికొండల మీద, గాలి కొట్టే దీవుల్లో పీచుగడ్డి తిని బతికినవి. వేసవిలో కొవ్వు నిలవచేసుకుని, చలికాలంలో కరిగించుకునేవి. అలాంటి జంతువును ఏడాది పొడవునా మేపితే మెడ పైభాగాన కొవ్వు గట్టిగా మూపురం కడుతుంది. దాని శరీరం ఇన్సులిన్ మాట వినదు. అందుకే కాస్త చక్కెర తిన్నా క్లోమం ఇన్సులిన్‌ను కుమ్మరిస్తుంది.

మరి ఏం పెట్టాలి?

పచ్చగా ఉందా, ఎండిందా అన్నది కాదు, చక్కెర, పిండి కలిసి ఎంత ఉన్నాయన్నదే చూడాలి. పొడి బరువులో ఇవి రెండూ కలిసి 10 నుంచి 12 శాతం మించకూడదని పశువైద్యులు చెబుతారు. గింజలు, మొలాసిస్ కలిపిన దాణా పూర్తిగా మానెయ్యాలి. ప్రధాన ఆహారం ఎండుగడ్డి. మన వరిగడ్డి లాంటిది కాదు, పచ్చిక కోసి ఆరబెట్టినది. రోజుకు శరీర బరువులో 1.5 శాతం పొడి పదార్థం చాలు. 200 కిలోల పోనీకి ఇది 3 కిలోలు, అంటే తేమతో కలిపి సుమారు మూడున్నర కిలోల ఎండుగడ్డి. దాన్ని కొన్ని గంటలు చన్నీళ్ళలో నానబెట్టి, ఆ నీళ్ళు పారబోస్తే కొంత చక్కెర పోతుంది. ఖనిజాలూ పోతాయి కనుక వాటిని విడిగా ఇవ్వాలి.

అలాగని పస్తు పెట్టడం మరో ప్రమాదం. లావెక్కిన పోనీకి హఠాత్తుగా తిండి ఆపితే, దాచుకున్న కొవ్వు ఒక్కసారిగా రక్తంలోకి వచ్చి కాలేయాన్ని ముంచెత్తుతుంది. ప్రాణమే పోవచ్చు. బరువు మెల్లగానే తగ్గించాలి.

కోలుకున్న పోనీని మళ్ళీ బయటికి వదలాలన్నా వేళ చూసుకోవాలి. పగలంతా కిరణజన్య సంయోగక్రియ వల్ల గడ్డిలో చక్కెర పెరుగుతుంది. రాత్రి ఆ చక్కెరను గడ్డి తన పెరుగుదలకు వాడుకుంటుంది. కనుక తెల్లవారుజామున మేపడం మేలు, సాయంత్రం మంచిది కాదు. అయితే మంచు కురిసిన రాత్రి ఈ లెక్క తలకిందులవుతుంది. ఉష్ణోగ్రత 5 డిగ్రీల లోపు ఉంటే గడ్డి పెరగదు, నిన్నటి చక్కెర అలాగే ఉండిపోతుంది. మంచు పట్టి తళతళలాడే ఉదయపు గడ్డి పోనీకి చేటు.

మన రైతులు నూర్పిడి వేళ ఎద్దు మూతికి చిక్కం కడతారు కదా! పోనీలకూ అలాంటిదే కడతారు. అడుగున చిన్న రంధ్రం ఉంటుంది కనుక ఒక్కో పరకే నోటికందుతుంది.

మన నేలల్లోని గరిక నిలవచేసేది ఫ్రక్టాన్లను కాదు, పిండిని. అదీ ఇన్సులిన్‌ను పెంచేదే. అయినా మన గుర్రాలకు గరిక కంటే ఉలవలు, శనగలు, బెల్లం నిండిన దాణా తొట్టితోనే ఎక్కువ ప్రమాదం. పని లేకుండా కట్టేసి ఉంచి, పాత లెక్కనే దాణా పోస్తున్నప్పుడు ముందు మెడ మీద చెయ్యివేసి కొవ్వు చూడాలి.