బీడింగ్ ఊడిందా? ఫెవిక్విక్ జోలికి పోకండి!

సెకండ్ హ్యాండ్ కారు కొన్నవాళ్లలో చాలామందికి ఈ సీన్ తెలుసు. ఇంజిన్ బాగుంటుంది, ఏసీ చల్లగా వస్తుంది. డోర్ మీద సైడ్ బీడింగ్ మాత్రం ఒక చివర లేచి గాలికి టపటపా కొట్టుకుంటూ ఉంటుంది. డోర్ వైజర్‌కి పగులు, వెనక పేరులో ఒక అక్షరం మాయం. మనవాళ్లు వెంటనే చేసే పని ఒక్కటే. ఫెవిక్విక్ ట్యూబ్ తెచ్చి, రెండు చుక్కలేసి, గట్టిగా నొక్కేయడం! కొన్నాళ్లకు బీడింగ్ మళ్లీ ఊడుతుంది. ఈసారి కాస్త పెయింట్‌ని కూడా వెంటబెట్టుకుని పోతుంది. ఆ తర్వాత వచ్చేది తుప్పు.

అలాగే వదిలేస్తేనో? హైవే మీద వంద స్పీడులో వైజర్ ముక్క ఎగిరి వెనకొచ్చే బైక్ అబ్బాయి మొహానికి తగలొచ్చు. కాబట్టి ఇది అందం గొడవ ఒక్కటే కాదు.

టేపే ఎందుకు?

కంపెనీలో ఈ ముక్కల్ని చాలావరకు యాక్రిలిక్ ఫోమ్ టేప్‌తోనే అతికిస్తారు. త్రీఎం వాళ్ల వీహెచ్‌బీ టేప్ ఈ రకమే. అది 1980లోనే వచ్చింది. గమ్ ఉండగా టేప్ ఎందుకంటే, చిన్న లెక్క చూడండి. కారు బాడీ స్టీలు, బీడింగ్ ప్లాస్టిక్కు. తెల్లవారుజామున 25 డిగ్రీలున్న డోర్, మే నెల మధ్యాహ్నం ఎండలో 65 దాకా పోయిందనుకుందాం. ఆ 40 డిగ్రీల తేడాకి మీటరు పొడవున్న ఏబీఎస్ ప్లాస్టిక్ సుమారు 3 మిల్లీమీటర్లు సాగుతుంది. స్టీలు అర మిల్లీమీటరు కూడా సాగదు. ఈ లాగులాట రోజూ జరిగేదే. ఫోమ్ టేప్ రబ్బరులా సాగి సర్దుకుంటుంది. సూపర్ గ్లూ ఆరాక గాజులా బిగుసుకుపోతుంది, సాగడం దానికి రాదు. అందుకే అదైనా పగులుతుంది, లేదా పైనున్న క్లియర్ కోట్‌నైనా లాగేస్తుంది. దాన్ని వదిలించడానికి అసిటోన్ వాడితే పెయింట్‌కే ముప్పు.

తీయడానికి ఎండ

ముందుగా ఒక చెక్. ముక్క టేప్ మీదే ఉందా, క్లిప్పులు కూడా ఉన్నాయా? వీల్ ఆర్చ్ క్లాడింగ్‌కి సాధారణంగా క్లిప్పులో స్క్రూలో కూడా ఉంటాయి. చూడకుండా లాగితే విరుగుతాయి.

తర్వాత ఫోన్‌లో నాలుగు ఫొటోలు తీయండి. ముక్క పైఅంచు, రెండు చివరల వెంట మాస్కింగ్ టేప్ వేయండి. మా భాషలో చెప్పాలంటే ఇది బ్యాకప్. తిరిగి పెట్టేటప్పుడు లైన్ ఎక్కడుందో వెతుక్కోనక్కర్లేదు, పెయింట్ మీద గీతలూ పడవు.

ఇప్పుడు వేడి. కారుని అరగంట ఎండలో పెడితే సగం పని అయిపోయినట్టే. మిగతాది హెయిర్ డ్రయర్‌తో, ఒకేచోట ఆపకుండా అటూఇటూ తిప్పుతూ ఇవ్వండి. చెయ్యి పెడితే రెండు మూడు సెకన్లకు మించి ఉంచలేని వేడి చాలు. హీట్ గన్ అలవాటు లేకపోతే వద్దు, పెయింట్ ఉబ్బిపోతుంది.

వేడెక్కాక స్క్రూడ్రైవర్‌తో పెకిలించకండి. గాలానికి వాడే నైలాన్ దారం తీసుకుని, ముక్క వెనక దూర్చి, రంపం కోసినట్టు అటూఇటూ లాగండి. ఫోమ్ మధ్యలో తెగిపోతుంది, పెయింట్‌కి ఏమీ కాదు. డెంటల్ ఫ్లాస్ అయినా పనికొస్తుంది.

బాడీ మీద మిగిలిన జిగురుని మళ్లీ కాస్త వేడి చేసి, బొటనవేలితో ఉండలు చుడుతూ తీసేయండి. మొండిగా ఉన్నచోట కారు షాపుల్లో దొరికే అడ్హెసివ్ రిమూవర్ రాయండి. బ్లేడు, థిన్నర్ మాత్రం వద్దు. పెయింట్ పొరలన్నీ కలిపినా మందం సుమారు పదోవంతు మిల్లీమీటరే. అందులో మెరుపునిచ్చే క్లియర్ కోట్ ఇంకా పల్చన.

అతికించడానికి నీడ

ఊడిపోవడానికి అసలు కారణం చాలాసార్లు టేప్ కాదు, కింద ఉన్న మురికి, వ్యాక్స్. ముందు షాంపూతో కడిగి ఆరబెట్టండి. తర్వాత ఐసోప్రొపైల్ ఆల్కహాల్, నీళ్లు సగం సగం కలిపి తుడవండి. శానిటైజర్ జెల్ వాడకండి. అందులో ఉండే గ్లిజరిన్ లాంటివి పొరలా మిగిలిపోతాయి. తుడిచాక వేలు పెట్టకండి, వేలి జిడ్డు కూడా శత్రువే.

పాత టేప్ మళ్లీ పనికిరాదు. ఫొటో ఫ్రేములకు వాడే తెల్ల ఫోమ్ టేప్ కాకుండా, కార్ల కోసమని రాసున్న యాక్రిలిక్ ఫోమ్ టేపే అడగండి. పాలీప్రొపిలీన్ లాంటి జారుడు ప్లాస్టిక్ అయితే, ఆ టేప్‌కి సరిపోయే ప్రైమర్ కూడా ఒక పూత వేయాలి.

డోర్ మీద చెయ్యి పెడితే గోరువెచ్చగా ఉండాలి. 21 నుంచి 38 డిగ్రీల మధ్య బెస్ట్. అంటే ఎండాకాలంలో పొద్దున్నే, నీడలో. డిసెంబర్‌లో ఆదిలాబాద్ వాళ్లు మాత్రం ఎండ ఎక్కేదాకా ఆగండి. 10 డిగ్రీల చలిలో జిగురు సరిగా పట్టదు.

లైనర్ మొత్తం ఒకేసారి ఒలిచేయకండి. రెండు చివర్ల కొంచెం ఒలిచి, బయటికి మడిచి, ముక్కని మాస్కింగ్ టేప్ లైన్‌కి ఆనించండి. సరిగ్గా కూర్చుందనుకున్నాక మిగతాది లాగుతూ నొక్కుకుంటూ రండి. ఈ టేప్‌కి బలం ఒత్తిడితోనే వస్తుంది. కాబట్టి అంగుళం అంగుళం గట్టిగా నొక్కాలి.

ఇక ఓపిక. మామూలు వాతావరణంలో 20 నిమిషాలకు సగం పట్టు, ఒక రోజుకి 90 శాతం, 72 గంటలకు పూర్తి పట్టు వస్తుంది. ఆ మూడు రోజులూ కార్ వాష్‌కి వెళ్లకండి. తర్వాత కూడా ప్రెషర్ గన్‌ని అంచు మీదకి దగ్గరగా పెట్టనివ్వకండి.

ఎప్పుడు షాపుకి వెళ్లాలి?

ఆ డోర్‌కి గతంలో రీపెయింట్ అయ్యుంటే జాగ్రత్త. సరిగా వేయని పెయింట్ టేప్‌తోపాటే ఊడొస్తుంది. బీడింగ్ కింద తుప్పు కనిపిస్తే దాని మీద అతికించకండి. ముందు డెంటింగ్, పెయింటింగ్ చేయించండి. పెయింట్ పూర్తిగా ఆరిందని పెయింటర్ చెప్పాకే టేప్. కొత్త కార్లలో కొన్నింటికి ముందు లోగో వెనకే రాడార్ ఉంటుంది. దాన్ని ముట్టుకోవద్దు, బయట దొరికే లోగోలు పెట్టొద్దు. ఆటోమేటిక్ బ్రేకింగ్ దాని మీదే ఆధారపడి ఉండొచ్చు.

షాపులో చేయించినా సరే, పక్కనే నిలబడి రెండు ప్రశ్నలు అడగండి. ‘అన్నా, దేంతో తుడిచావ్? ఏ టేప్ వేస్తున్నావ్?’ జవాబు తడిగుడ్డ, తెల్ల టేప్ అయితే, తాళాలు తీసుకుని వచ్చేయండి.