మబ్బుల్లో విమానానికి నేల ఎటువైపు?

ఒప్పులకుప్ప ఆడుతూ గిరగిర తిరిగిన బాలిక హఠాత్తుగా నిలబడితే ఇల్లూ వాకిలీ తన చుట్టూ తిరుగుతున్నట్లు తోస్తుంది. కారణం లోపలి చెవిలో ఉంది. అక్కడ ద్రవంతో నిండిన మూడు అర్ధవలయాకార నాళాలున్నాయి. తల తిరిగినప్పుడు ద్రవం కొంత వెనుకబడుతుంది. ఆ తేడానే మెదడు భ్రమణంగా గ్రహిస్తుంది. కాని ఒకే వేగంతో కొంతసేపు తిరిగితే ద్రవం కూడా నాళంతో సమంగా సాగుతుంది. అప్పుడు తిరుగుతున్నామన్న స్పృహే పోతుంది.

నేలమీద ఇది వినోదం. మబ్బుల్లో చిక్కుకున్న వైమానికునికి ప్రాణాంతకం. విమానం ఒక ప్రక్కకు ఒరిగి నిలకడగా మలుపు తిరుగుతున్నా, అది తిన్నగానే పోతున్నట్లు అతనికి అనిపిస్తుంది. దానిని సరిచేస్తే ఎదురు ప్రక్కకు ఒరిగిపోయినట్లు తోస్తుంది. ఎంతటి అనుభవశాలికైనా ఈ భ్రాంతి తప్పదు. శరీరం మాట నమ్మక, పరికరం మాట నమ్మడమే వైమానిక శిక్షణలో కఠినమైన పాఠం.

ఆ పరికరానికి మూలం మన పల్లెల్లో పిల్లలాడే బొంగరమే. తిరిగే బొంగరం మేకుమీద నిలబడుతుంది, తిరగనిది పడిపోతుంది. వేగంగా తిరిగే చక్రం తన ఇరుసు దిశను తేలికగా మార్చుకోదు. ఈ గుణాన్ని చూపే యంత్రానికి ఫ్రెంచి శాస్త్రజ్ఞుడు ఫూకో 1852లో గైరోస్కోప్ అని పేరు పెట్టాడు. చక్రాన్ని ఒకదానిలో ఒకటి ఇమిడిన వలయాలలో అమర్చితే, పై పెట్టె ఎటు ఒరిగినా చక్రం మాత్రం తన దిశను వదలదు.

1929 సెప్టెంబరు 24న న్యూయార్కు సమీపంలోని మిచెల్ ఫీల్డులో జిమ్మీ డూలిటిల్ అనే వైమానికుడు బయటి ప్రపంచం కనిపించకుండా తన ఆసనంపై ముసుగు కప్పించుకొని, పరికరాలను మాత్రమే చూస్తూ విమానాన్ని లేపి, చుట్టు తిప్పి, తిరిగి దింపాడు. ఆపదవేళ ఆదుకోవడానికి ముందు సీటులో మరొక వైమానికుడున్నా, అతనికి పని పడలేదు. ఆనాటి పరికరాలలో ముఖ్యమైన రెండు, స్పెర్రీ సంస్థ తయారుచేసిన కృత్రిమ క్షితిజం, దిశాగైరో.

కృత్రిమ క్షితిజంలో చక్రం ఇరుసు నిట్టనిలువుగా ఉంటుంది. పైన నీలం, క్రింద గోధుమరంగు, నడుమ ఒక గీత; ఆ గీతే దిఙ్మండలం. విమానం కుడికి ఒరిగితే గీత ఎడమకు వాలినట్లు కనబడుతుంది. నిజానికి గీత కదలలేదు, కదిలింది విమానమే. చక్రం కాలక్రమాన కొద్దిగా ప్రక్కకు తొలగితే భూమ్యాకర్షణ సాయంతో మెల్లగా సరిదిద్దే ఏర్పాటు కూడా లోపలే ఉంటుంది.

దిశ తెలుసుకోవడం మరికొంత చిక్కైన విషయం. అయస్కాంత దిక్సూచి ఉన్నది కదా అనవచ్చు. కాని మలుపుల్లో, వేగం మారినప్పుడు అది ఊగిసలాడి తప్పు చూపుతుంది. దిశాగైరో ఊగదు, అయితే దానికి భూమితో సంబంధం లేదు. భూమి గంటకు 15 డిగ్రీలు తిరిగిపోతుంటే చక్రం తన పాత దిశనే పట్టుకొని ఉంటుంది. అందువల్ల హైదరాబాదు అక్షాంశంలో గంటకు సుమారు నాలుగున్నర డిగ్రీలు, లండనులో దాదాపు పన్నెండు డిగ్రీలు తేడా వస్తుంది. ఒకటి చంచలమైనా సత్యమెరిగినది, మరొకటి నిలకడైనా మెల్లగా దారి తప్పేది. రెండింటికీ పొత్తు కుదర్చక తప్పదు. చిన్న విమానాలలో వైమానికుడే సుమారు పావుగంటకొకసారి గైరోను దిక్సూచితో సరిచూసుకుంటాడు. పెద్ద విమానాలలో, ఇనుముకూ విద్యుత్తుకూ దూరంగా ఉంచిన అయస్కాంత గ్రాహకం ఆ పనిని తనంతట తానే చేసేది.

పరికరమే అబద్ధమాడితే? 1978 జనవరి 1 రాత్రి బొంబాయి నుండి దుబాయికి బయలుదేరిన ఎయిరిండియా 747 విమానం, ‘ఎంపరర్ అశోక’, సముద్రం మీద కుడికి ఒక మలుపు తిరిగి సరిపడింది. కెప్టెన్ ముందున్న భంగిమ సూచిక మాత్రం ఇంకా కుడికే ఒరిగి ఉన్నట్లు చూపింది. బయట చీకటి, ఆనవాలుకు క్షితిజరేఖ లేదు. ఆయన దానినే నమ్మి విమానాన్ని ఎడమకు వంచుతూ పోయారు. నేల విడిచిన రెండు నిమిషాలలోపే అది అరేబియా సముద్రంలో కూలి, అందులోని 213 మందీ మరణించారు. మిగిలిన పరికరాల ఆధారంతో విమానాన్ని అదుపులోనికి తెచ్చుకోలేకపోయారని విచారణలో తేలింది.

1980 దశకం నుండి పెద్ద విమానాలలో తిరిగే చక్రం స్థానాన్ని లేజరు కాంతి ఆక్రమించింది. ఒకే త్రికోణ మార్గంలో రెండు కిరణాలు ఎదురెదురుగా ప్రయాణిస్తాయి. విమానం తిరిగితే ఒకదానికి దారి కాస్త పెరుగుతుంది, మరొకదానికి తగ్గుతుంది; ఆ స్వల్ప భేదాన్ని కొలిచి కంప్యూటరు భ్రమణాన్ని లెక్కకడుతుంది. సాన్యాక్ అనే శాస్త్రజ్ఞుడు 1913లో చూపిన సూత్రమే ఇది. ఇటువంటి పెట్టెలు పెద్ద ప్రయాణ విమానంలో సాధారణంగా రెండో మూడో ఉంటాయి. కెప్టెన్ తెరకూ, సహవైమానికుని తెరకూ పొత్తు కుదరకపోతే హెచ్చరిక వెలుగుతుంది. అప్పుడు ఇద్దరూ చూడవలసినది, వాటితో సంబంధం లేక, అత్యవసర బ్యాటరీతోనైనా పనిచేసే మూడవ చిన్న క్షితిజాన్ని.