కంప్యూటరు సాక్ష్యం: పరీక్షించేవానికి పరీక్ష

పెద్దపల్లి జిల్లా రామగిరి మండలంలో సింగరేణి వారి బొగ్గు గనులున్నవి. అట్టి భూగర్భ గనిలో మైనింగ్ సర్దారు కాగోరేవాడు ముందుగా పరీక్షలో నెగ్గి, కేంద్ర గనుల భద్రతా శాఖ వారి యోగ్యతా పత్రం పొందాలి. గనిలో మీథేను వాయువును కనిపెట్టడానికి వేరొక పత్రం ఉన్నది. సేఫ్టీ దీపం జ్వాలపై ఏర్పడే లేత నీలి టోపీ ఎత్తును చూచి, గాలిలో ఆ వాయువు ఎంత శాతం ఉన్నదో చెప్పడం పూర్వంనుంచి వస్తున్న పద్ధతి. కన్ను పొరబడితే గనిలోని వారందరికీ ముప్పే.

నేరస్థుని కంప్యూటరునుంచి సాక్ష్యాన్ని వెలికితీసేవానికి ఇట్లా అందరికీ వర్తించే పరీక్ష ఒకటి మన చట్టంలో లేదు. అతని పొరపాటుకూ మూల్యం చిన్నది కాదు. నిర్దోషి జైలు పాలు కావచ్చు, దోషి తప్పించుకోవచ్చు.

ఆ పనిలో మొదటి పాఠం, దొరికిన యంత్రాన్ని తొందరపడి తెరవకపోవడం. కంప్యూటరును ఆన్ చేసినంత మాత్రాన అది లోపల ఎన్నో ఫైళ్లను తనంతట తానే తిరిగి రాసుకొంటుంది; వాటి తేదీలు మారిపోతాయి. అందుచేత హార్డు డిస్కును, దానిపై ఏమీ రాయనీయని ఒక అడ్డు పరికరం ద్వారా కలిపి, మొత్తానికి నకలు తీస్తారు. పిమ్మట అసలుకూ నకలుకూ ‘హాష్’ విలువ కట్టి పోల్చుతారు. ఎస్‌హెచ్‌ఏ-256 అనే గణిత పద్ధతిలో ఈ విలువ 64 అక్షరాంకాల వరుసగా వస్తుంది. డిస్కులో ఒక్క అక్షరం మారినా వరుస అంతా గుర్తుపట్టరానంతగా మారుతుంది.

ఈ జాగ్రత్త ఎందుకో 2001 డిసెంబరు 13న పార్లమెంటుపై జరిగిన దాడి కేసులో తెలిసివచ్చింది. అందులో పట్టుబడిన ల్యాప్‌టాప్‌ను పరీక్షించిన వారిలో హైదరాబాదులోని పోలీసు పరిశోధనాభివృద్ధి సంస్థ నిపుణుడూ ఉన్నారు. యంత్రం పోలీసుల స్వాధీనమైన తరువాతి తేదీలు కొన్ని ఫైళ్లపై కనిపించగా, ఎవరో మార్చి ఉంటారని ముద్దాయిల న్యాయవాదులు వాదించారు. అవి యంత్రం తనకు తానుగా రాసుకొన్నవని సాక్షులు వివరించారు. 2005లో సుప్రీంకోర్టు ఆ వివరణను అంగీకరించింది. ఆ ప్రశ్నకు నిలకడగా జవాబు చెప్పలేనివాడు బోనులో ఉంటే ఏమయ్యేదో!

మరి యోగ్యతను తూచడం ఎట్లా? శిక్షణ పత్రాలు కొంతవరకే పనికివస్తాయి. ఫలానా సాఫ్ట్‌వేరులో ఏ మీట నొక్కాలో తెలిసినంత మాత్రాన, అది చూపిన ఫలితం ఎందుకు వచ్చిందో తెలిసినట్లు కాదు. మంచి ప్రయోగశాలలు అనుసరించే ఉపాయం ఇంతకన్న గట్టిది. ఏమేమి దాచారో, ఏమేమి చెరిపారో ముందే తెలిసిన డిస్కును పరిశోధకునికి ఇస్తారు. అతడు కనుగొన్నదేమి, విడిచిపెట్టినదేమి, లేనిదాన్ని ఉన్నదన్నాడా అని సరిచూస్తారు. మూడవది అన్నిటికన్న ప్రమాదకరం.

సమాచార సాంకేతిక చట్టంలో 2009లో అమలులోకి వచ్చిన 79ఏ సెక్షను ప్రకారం, ఎలక్ట్రానిక్ సాక్ష్యాన్ని పరీక్షించే సంస్థలను కేంద్ర ప్రభుత్వం గుర్తిస్తుంది. 2024 జులై 1నుంచి అమలులో ఉన్న భారతీయ సాక్ష్య అధినియమం 63వ సెక్షను కింద ఇచ్చే ధ్రువపత్రంలో హాష్ విలువ రాసి, రెండవ భాగంపై నిపుణుడు సంతకం చేయాలి. ఆ నిపుణుడు ఏ పరీక్షలో నెగ్గినవాడై ఉండాలో మాత్రం ఆ సెక్షను చెప్పలేదు. ఆ సంగతి తేల్చే భారం న్యాయస్థానంపైనే, అడ్డు ప్రశ్నలు వేసే న్యాయవాదిపైనే పడుతున్నది.