ఓటరు గుర్తింపు

ప్రజాస్వామ్యానికి ఓటు ఆయువుపట్టు. మన రాజ్యాంగంలోని 326వ అధికరణం వయోజనులందరికీ ఓటు హక్కును ప్రసాదించింది. అయితే ఆ హక్కును వినియోగించుకోవాలంటే ఓటర్ల జాబితాలో పేరు ఉండి తీరాలి. దొంగ ఓట్లను అరికట్టే ఉద్దేశంతో ఎన్నికల సంఘం 1993లో ఫొటో గుర్తింపు కార్డును ప్రవేశపెట్టింది. కార్డు ఉన్నప్పటికీ జాబితాలో పేరు లేనివారు ఓటు వేయలేరు. జాబితాలో పేరుండి కార్డు లేనివారు పాస్‌పోర్టు, డ్రైవింగ్ లైసెన్సు వంటి ఆమోదిత పత్రాలలో ఒకదానిని చూపవచ్చు.

కార్డులో స్వల్పమైన అక్షరదోషాలున్నా, వ్యక్తి ఎవరో నిర్ధారణ అయితే ఓటు నిరాకరించరాదు. అయినను పేరు, లింగం మొదలైన వివరాలలోని తప్పులను ఫారం-8 ద్వారా, తగిన ఆధారాలతో సవరించుకోవడం మేలు.

ఒకప్పుడు హిజ్రాలు స్త్రీగానో పురుషుడిగానో నమోదు కావలసి వచ్చేది. కార్డు ఒకటి చెప్పగా, మనిషి మరొకటిగా కనిపించేవారు. 2009లో ఎన్నికల సంఘం 'ఇతరులు' అనే విభాగాన్ని కల్పించింది. 2014లో సుప్రీంకోర్టు వారిని మూడవ లింగంగా గుర్తించింది. జిల్లా మేజిస్ట్రేటు ఇచ్చే ధ్రువపత్రం ఆధారంగా గుర్తింపు పత్రాలను మార్చుకొనే వీలును 2019 నాటి చట్టం కల్పించింది.

కాగితం మనిషిని పోలి ఉండాలే గాని, మనిషి కాగితం కోసం మారనక్కరలేదు. అందుచేత పోలింగు దినం వరకు వేచి ఉండక, ప్రతి ఓటరూ తన వివరాలను ముందుగానే సరిచూసుకోవాలి.