పెళ్ళి గుర్రం ముసలిదైతే...

భిలాయి ఉక్కు నగరంలోని సెక్టర్ 4లోనైనా, మరో ఊళ్ళోనైనా, ఉత్తరాది పెళ్ళి ఊరేగింపులో వరుణ్ణి మోసేది చాలావరకు తెల్ల గుర్రమే. గుర్రం ఆయుష్షు 25 నుంచి 30 ఏళ్ళు. అందులో బరువు మోయగలిగేది కొంతకాలమే. ఆ తరువాత అదృష్టం ఉన్నది ఏ జంతు సంరక్షణ కేంద్రానికో చేరుతుంది. చేరేనాటికి సాధారణంగా ఎముకలు తేలి ఉంటాయి.

చూసినవారు ‘తిండి పెట్టలేదు’ అనుకుంటారు. చాలాసార్లు అది నిజమే. అయితే ముందు గడ్డి ఉన్నా చిక్కిపోయే ముసలి గుర్రాలూ ఉంటాయి. కారణం నోట్లో ఉంటుంది. గుర్రం దవడ పళ్ళు మన పళ్ళలా ఒకసారి పెరిగి ఆగిపోవు. చిగురు లోపల దాగిన పొడవైన పన్ను ఏడాదికి 2–3 మిల్లీమీటర్ల చొప్పున పైకి వస్తూ, అంతే అరుగుతూ ఉంటుంది. పాతికేళ్ళు దాటేసరికి ఆ నిల్వ అయిపోతుంది. పై దవడ కింది దవడకన్నా వెడల్పు కాబట్టి అరుగుదల సమంగా ఉండదు. అంచులు కత్తుల్లా తేలి బుగ్గను, నాలుకను కోస్తాయి. అప్పుడు సగం నమిలిన గడ్డి ఉండలుగా నోట్లోంచి జారిపడుతుంది, లద్దెలో గింజలు గింజలుగానే కనిపిస్తాయి. పశువైద్యులు ఆకురాయితో అంచులు అరగదీస్తారు. అరగదీయడానికి పన్నే మిగలకపోతే మేతనే మార్చాలి: మెత్తగా తరిగి నానబెట్టిన గడ్డి, ఉడికించిన ఉలవలు, రోజుకు నాలుగైదుసార్లు, కొద్దికొద్దిగా. ఒక్కసారే ఎక్కువ పెడితే ప్రమాదం. గుర్రం పొట్ట దాని శరీరంతో పోలిస్తే చిన్నది, పైగా అది వాంతి చేసుకోలేదు.

ఎండాకాలం వచ్చినా ఒంటిమీద పొడవాటి వెంట్రుకలు రాలకపోతే అది వయసు లక్షణమని వదిలేయకూడదు. మెదడు అడుగున ఉన్న పిట్యూటరీ గ్రంథిని అదుపు చేసే, డోపమైన్ విడుదల చేసే నాడీకణాలు క్షీణించడం దీనికి కారణం. పార్కిన్సన్స్ రోగులకు ఒకప్పుడు ఇచ్చిన పెర్గోలైడ్ మందే ఇక్కడా పనిచేస్తుంది. చికిత్స లేకపోతే గిట్టల లోపలి పొరలు వాచి, అడుగు వేయలేనంత నొప్పి రావచ్చు.

తెల్ల రంగుకూ ఒక మూల్యం ఉంది. ఈ గుర్రాల్లో ఎక్కువ భాగం ముదురు రంగులో పుట్టి క్రమంగా తెల్లబడతాయి. ఆ మార్పుకు కారణమైన జన్యువును స్వీడన్ శాస్త్రవేత్తల బృందం 2008లో గుర్తించింది. అదే జన్యు మార్పు చర్మంలో మెలనోమా గడ్డల ముప్పునూ పెంచుతుంది. 15 ఏళ్ళు దాటిన ఇలాంటి గుర్రాల్లో 70–80 శాతానికి ఈ గడ్డలు ఉంటాయని అంచనా. తోక కింద చేయిపెట్టి చూస్తే తెలుస్తుంది, కానీ అక్కడ ఎవరూ చూడరు.

గుర్రం నిలబడి నిద్రపోతుందన్నది సగమే నిజం. కునుకు నిలబడే తీస్తుంది, గాఢమైన కలల నిద్రకు మాత్రం రోజూ కాసేపు పడుకోవాలి. కీళ్ళనొప్పులున్న ముసలి గుర్రం, పడుకుంటే లేవలేనన్నట్టు పడుకోవడమే మానేస్తుంది. నిద్ర చాలక ఒక్కసారిగా ముందుకు తూలి మోకాళ్ళు గీరుకుపోతాయి. మందపాటి ఇసుక పరుపు, నొప్పి మందు చాలావరకు దీన్ని మార్చగలవు.

ఇక నిజంగానే పడిపోయి లేవలేని రోజు వస్తుంది. నాలుగు వందల కిలోల బరువు ఒకే పక్క కండరాలను, కింది ఊపిరితిత్తిని నలిపేస్తుంది. కొన్ని గంటలకోసారి పక్క మార్చాలి. వీలైతే పట్టీలతో ఎత్తి నిలబెట్టాలి. అయినా కాళ్ళు బరువు ఆనించుకోకపోతే, మేత ముట్టకపోతే, నొప్పి మందుకు తగ్గకపోతే ఎదురుచూడటం దయ కాదు. కోలుకోలేని బాధలో ఉన్న జంతువుకు పశువైద్యుని ధ్రువీకరణతో నొప్పిలేని మరణాన్ని ఇచ్చే వీలు 1960 నాటి జంతు హింస నిరోధక చట్టంలోనే ఉంది. అందుకు వాడే మందు కళేబరంలో మిగిలిపోతుంది, దాన్ని తిన్న కుక్కలూ రాబందులూ చనిపోవచ్చు. అందుకే లోతుగా పూడ్చాలి.